న్యాయవాది మాడపాటి హనుమంతరావు

నిజాం రాజ్యమున న్యాయస్థానముల భాష ఉర్దూ. 1885లో జన్మించిన మాడపాటి హనుమంతరావుగారు ఆ భాషలో పండితులై, హైదరాబాదున న్యాయవాదవృత్తి చేపట్టిరి. 1921 నవంబరులో నగరమున జరిగిన సంఘసంస్కార సభలో, తోటి న్యాయవాది ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున ప్రసంగింపగా సభికులు గేలిచేసిరి. ఆ రాత్రియే ఆంధ్రజన సంఘము పుట్టినది. మాడపాటివారు దానికి ప్రాణమై నిలిచిరి. వారి కృషివలన 1928లో నారాయణగూడయందు బాలికలకు తెలుగున బోధించు పాఠశాల వెలసినది. 1935లో సిరిసిల్ల ఆంధ్రమహాసభకు అధ్యక్షులైరి. 1951లో నగరమునకు ప్రథమ మేయరైరి.

వారి పోరాటము ఉర్దూపై గాదు. ప్రేమచందు కథలను తెనిగించినదియు వారే. ప్రజల భాషకు సభలోను, బడిలోను చోటు సంపాదించుటయే వారు గెలిచిన పెద్ద వ్యాజ్యమని మేము తలంచుచున్నాము.