రేసింగ్ జట్లు కుర్రాళ్లను పెంచుకుంటాయా, పేరున్నవాళ్లను తెచ్చుకుంటాయా?

నరసాపురం పారిశ్రామిక వాడలో హోండా టూవీలర్ ఫ్యాక్టరీ 2013లో మొదలైంది. మానేసర్, తపుకర తర్వాత మన దేశంలో ఆ కంపెనీకి ఇది మూడోది. మన తెలుగు ఇళ్ల పిల్లలకు ఫ్యాక్టరీ అంటే షిఫ్టు, యూనిఫారం, కంపెనీ బస్సు. అదే హోండా 1959 నుంచి ప్రపంచ మోటార్‌సైకిల్ రేసుల్లో కూడా ఉంది. ఈమధ్య ఇళ్లలో పిల్లలు టీవీలో రేసులు చూసి "మేమూ రేసర్లమవుతాం" అంటుంటే ఏం చెప్పాలో పెద్దలకు తోచడం లేదు. జట్లు రేసర్లను ఎక్కడినుంచి తెచ్చుకుంటాయి, ఖర్చు ఎవరు పెడతారు, వద్దనుకున్నవాడి గతి ఏమిటి అన్నవి తెలిస్తే మాట్లాడడం సులువవుతుందని ఇది రాస్తున్నాం.

జట్టు ముందు రెండు దారులుంటాయి. పన్నెండు, పదమూడేళ్ల పిల్లవాడిని ఎంచుకుని, చిన్న రేసుల నుంచి పెద్ద రేసుల దాకా తన ఖర్చుతో తీసుకురావడం ఒకటి. ఇప్పటికే గెలిచినవాడికి పెద్ద జీతమిచ్చి పక్క జట్టు నుంచి తెచ్చుకోవడం రెండోది. మొదటి దారిలో పదేళ్లు ఆగాలి, పదిమందిలో ఒకడు తేలితే గొప్ప. రెండో దారిలో ఫలితం త్వరగా రావచ్చు, కానీ అతను వెళ్లిపోయిన రోజు జట్టు చేతిలో ఏమీ మిగలకపోవచ్చు.

రెండు దారులూ ఒకే షెడ్డులో ఎదురెదురు నిలబడిన కథ 2007 నాటిది. బ్రిటన్‌కు చెందిన మెక్‌లారెన్ జట్టు లూయిస్ హామిల్టన్‌ను 1998లో, పదమూడేళ్ల వయసులో చేరదీసింది. సాధారణ కుటుంబం. తొమ్మిదేళ్లు పెంచి 2007లో అతన్ని ఫార్ములా 1 కారెక్కించింది. అదే ఏడాది, 2005లోనూ 2006లోనూ ప్రపంచ ఛాంపియనైన ఫెర్నాండో అలొన్సోను కూడా తెచ్చుకుంది. ఇంటి పిల్లవాడికీ బయటి నుంచి వచ్చిన పెద్దాయనకూ పడలేదు. సీజను చివర ఇద్దరికీ 109 పాయింట్లు. ఫెరారీ డ్రైవర్ కిమి రైకొనెన్ 110తో టైటిల్ ఎత్తుకెళ్లాడు. అలొన్సో ఏడాదికే వెళ్లిపోయాడు. 2008లో హామిల్టన్ ఛాంపియన్ అయ్యాడు. పెంచుకున్నవాడే గెలిపించాడని చాలామంది ఈ కథను ఇక్కడితో ఆపుతారు. అదే హామిల్టన్ 2013లో మెర్సిడెస్‌కు, 2025లో ఫెరారీకి మారాడు. ఆ ఖాళీలో మెర్సిడెస్ కూర్చోబెట్టింది తాను పెంచిన కిమి ఆంటొనెల్లి అనే పద్దెనిమిదేళ్ల ఇటలీ కుర్రాడిని.

పెంచిన పిల్లలను వాడుకోవడంలో రెడ్ బుల్‌ది కఠినమైన పద్ధతి. సెబాస్టియన్ వెటెల్ (2010 నుంచి 2013 దాకా నాలుగు టైటిళ్లు), మాక్స్ వెర్‌స్టాపెన్ ఆ పథకం నుంచి వచ్చినవాళ్లే. వెర్‌స్టాపెన్ 2015లో పదిహేడేళ్లకే ఫార్ములా 1లో దిగాడు. ఆ తర్వాత లైసెన్సుకు కనీస వయసు పద్దెనిమిదని నిబంధన పెట్టారు. ఇదే జట్టు 2019లో పియెర్ గాస్లీని పన్నెండు రేసుల తర్వాత, 2025లో లియమ్ లాసన్‌ను రెండే రెండు రేసుల తర్వాత కింది జట్టుకు దించింది. ప్రొబేషన్లో ఉన్న గుమాస్తాకైనా ఇంతకంటే ఎక్కువ గడువు ఇస్తారు!

బైకుల రేసుల్లో దీనికి సరిపోయే ఉదాహరణ డుకాటీ. జార్జ్ మార్టిన్ అనే స్పెయిన్ కుర్రాడు 2021 నుంచి డుకాటీ బండ్లు నడిపే ప్రామాక్ జట్టులో ఉన్నాడు. అసలు ఫ్యాక్టరీ జట్టులో సీటు తనకే వస్తుందని ఎదురుచూశాడు. 2024లో ఆ సీటును డుకాటీ అప్పటికే ఎన్నో టైటిళ్లు గెలిచిన మార్క్ మార్కెజ్‌కు ఇచ్చింది. మార్టిన్ అప్రిలియాకు వెళ్తున్నానని ప్రకటించి, ఆ ఏడాది ప్రపంచ టైటిల్ గెలిచి మరీ వెళ్లాడు. 2025లో మార్కెజ్ డుకాటీకి టైటిల్ తెచ్చాడు, మార్టిన్ గాయాలతో చాలా రేసులకు దూరమయ్యాడు. లెక్క చూస్తే కంపెనీ నష్టపోలేదు. నాలుగేళ్లు కాచుకున్న కుర్రాడి వైపు నుంచి చూస్తే మాత్రం న్యాయంగా తోచదు.

హోండాకు ఇందులో చేదు అనుభవముంది. 2013లో ఇరవై ఏళ్ల మార్కెజ్‌ను తెచ్చుకుని అతనితో ఆరు మోటోజీపీ టైటిళ్లు గెలిచింది. 2020లో అతని చెయ్యి విరిగింది. ఆ తర్వాత 2022, 2023, 2024 మూడేళ్లూ తయారీదారుల పట్టికలో హోండాది చివరి స్థానం. ఒక్కడి మీద ఆధారపడితే ఇలాగే అవుతుంది. మరోపక్క అదే హోండా బండ్లతో 2014లో ఆసియా టాలెంట్ కప్ అనే పిల్లల పోటీ మొదలైంది. అందులో పైకొచ్చిన థాయ్‌లాండ్ కుర్రాడు సోమ్‌కియత్ చంత్రా 2025లో హోండా బండి మీదే మోటోజీపీలో దిగాడు. ఆ దేశం నుంచి అంత దూరం వెళ్లిన మొదటివాడు అతనే.

ఇక మన దేశం సంగతి. ఫోర్స్ ఇండియా జట్టు 2008 నుంచి 2018 దాకా ఫార్ములా 1లో ఉంది. పేరులో ఇండియా ఉంది, యజమాని బెంగళూరు వ్యాపారి విజయ్ మాల్యా. అన్నేళ్లలో ఒక్క రేసులోనూ ఆ కారును భారతీయుడు నడపలేదు. ఆ కాలంలో మనవాళ్లు కరుణ్ చందోక్, నారాయణ్ కార్తికేయన్ నడిపింది వేరే జట్ల కార్లు. ఫోర్స్ ఇండియా 2011లో పిల్లల కోసం దేశమంతా పోటీ పెట్టి ముగ్గురిని ఎంచుకుంది. వాళ్లలో జెహాన్ దారువాలా ఆ తర్వాత రెడ్ బుల్ పథకంలో ఉండి, ఫార్ములా 2లో రేసులు గెలిచాడు. ఫార్ములా 1 సీటు రాలేదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు మహీంద్రా కార్లు నడిపింది లూకాస్ డి గ్రాసీ, ఆలివర్ రోలాండ్. దారువాలా ఆ జట్టులోనే రిజర్వు. సొంత గడ్డ మీద, సొంత దేశపు జట్టు కూడా పేరున్నవాళ్లనే నమ్ముకుంది. తప్పు పట్టలేం, పాయింట్లు కావాలి కదా. అయితే పిల్లవాడి కార్టింగు నుంచి ఫార్ములా 2 దాకా కోట్లు పెట్టేది చాలావరకు తండ్రే అన్న సంగతి గుర్తుంచుకోవాలి.

అందుకే మన ఇళ్లకు దగ్గరగా ఉన్న దారి టూవీలర్లదని మా అభిప్రాయం. హోసూరు టీవీఎస్ కంపెనీకి 1982 నుంచి రేసింగ్ జట్టుంది. అది నడిపే వన్‌మేక్ పోటీల్లో బండ్లు కంపెనీవే, అందరికీ ఒకే రకం. బండి కొనే స్తోమతు కంటే నడిపే తీరుకే విలువ. హోండా కూడా టాలెంట్ హంట్ పేరుతో మన దేశంలో పిల్లలను ఎంపిక చేసింది, రాజీవ్ సేతు, సెంథిల్ కుమార్ అనే ఇద్దరు భారతీయులతోనే ఆసియా రోడ్ రేసింగ్ ఛాంపియన్‌షిప్‌కు జట్టును పంపింది. ఈ పోటీలు ఎక్కువగా జరిగేది చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద. నరసాపురం, కోలారు, ముళబాగిలు మీదుగా పోయే పాత మద్రాసు రోడ్డు పట్టుకుంటే అక్కడికే చేరతాం.

అదే ట్రాక్ మీద 2023 ఆగస్టులో బెంగళూరు నుంచి వెళ్లిన పదమూడేళ్ల బాలుడు రేసులో పడి ప్రాణం పోగొట్టుకున్నాడు. యూరప్‌లో 2021 ఒక్క ఏడాదిలోనే ముగ్గురు కుర్రాళ్లు బైకు రేసుల్లో చనిపోయారు. ఆ తర్వాతే ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు సాధారణ కనీస వయసును 18కి పెంచారు. పిల్లలను చిన్నప్పుడే పట్టుకోవాలన్న జట్ల తొందరకు ఇదొక ధర.

పిల్లవాడు నిజంగా పట్టుదలతో ఉంటే మొదట చూడాల్సింది కాగితాలు. దేశంలో పోటీ లైసెన్సు ఇచ్చేది ఎఫ్‌ఎంఎస్‌సీఐ. ఆ లైసెన్సు లేని "రేసు", రాత్రిపూట హైవే మీద జరిగేది, రేసు కాదు, పోలీసు కేసు. జట్టు ఒప్పందం ఇస్తే సంతకానికి ముందు అడగండి: ఎన్నేళ్లు కట్టుబడి ఉండాలి? మధ్యలో వదిలేస్తే ఇంకో జట్టుకు వెళ్లనిస్తారా? పడి దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు ఎవరిది, ఎంతవరకు? బండి విరిగితే బిల్లు ఎవరి పేరున వస్తుంది? డిప్లొమా చదువుకు సెలవులు ఎలా? ఈ ఒప్పందాలు ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో ఉంటాయి. సంఘం ఆఫీసుకు తెస్తే కూర్చుని చదివి, తెలుగులో చెప్తాం. ఆదివారం పొద్దున అయితే మంచిది.