హ్యాండ్‌బాల్: బడిలో పుట్టిన ఆట, బడిలో నేర్పవలసిన తీరు

మేము వైద్యవిద్యార్థులుగా ఉన్న రోజులలో, శరీరధర్మశాస్త్ర తరగతిలో ‘హోల్గర్ నీల్సెన్ పద్ధతి’ అనే కృత్రిమ శ్వాసవిధానం నేర్చుకున్నాము. నీట మునిగిన మనిషిని బోర్లా పడుకోబెట్టి, వీపుపై నొక్కి గాలిని వెలుపలికి పంపడం, ఆపై మోచేతులు పట్టి పైకెత్తి గాలిని లోనికి రప్పించడం దాని సారాంశం. 1932లో వెలువడిన ఆ పద్ధతి, నోటితో ఊపిరి ఊదే విధానం వచ్చాక మరుగున పడింది. ఆ నీల్సెనే హ్యాండ్‌బాల్ ఆటకు తొలి నియమాలు కూర్చిన ఉపాధ్యాయుడని నాకు చాలాకాలం తరువాతగాని తెలియలేదు.

ఆయనది డెన్మార్క్. 1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో కత్తిసాములోనూ, తుపాకీ గురిలోనూ పతకాలు పొందాడు. కోపెన్‌హాగెన్ సమీపంలోని ఓర్డ్రుప్ పాఠశాలలో 1898 నుండి పిల్లల చేత ఈ ఆట ఆడించాడు. ఫుట్‌బాల్ వల్ల కిటికీ అద్దాలు పగులుతుంటే దానిని నిషేధించారనీ, అప్పుడు పిల్లలు బంతిని చేతులతో ఆడసాగారనీ చెబుతారు. 1906లో ఆయన నియమావళి అచ్చయింది.

జర్మనీలో 1917లో మాక్స్ హైజర్ స్త్రీల కోసం ఇటువంటి ఆటనే రూపొందించాడు. 1919లో కార్ల్ షెలెంజ్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు బంతిని చిన్నది చేసి, బంతితో మూడు అడుగులు వేయనిచ్చాడు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో జట్టుకు 11 మంది చొప్పున ఆరుబయట ఆడారు. నేటి ఏడుగురి ఆట 1972 మ్యూనిక్‌లో పురుషులకు, 1976 మాంట్రియల్‌లో స్త్రీలకు ప్రవేశించింది. భారత హ్యాండ్‌బాల్ సమాఖ్య ఏర్పడినది కూడా 1972లోనే.

ఈ చరిత్ర అంతటా కనిపించే సూత్రం ఒకటే: ఆడేవారి శరీరానికి తగినట్లు ఆటను మలచడం. పురుషుల బంతి చుట్టుకొలత 58–60 సెంటీమీటర్లు. చిన్నపిల్లల బంతిది 50–52 మాత్రమే. చేతిలో ఇమడని బంతిని విసరబోయిన పిల్లవాడు భుజాన్ని వక్రంగా తిప్పుతాడు. ఎముకలు ఇంకా ఎదుగుతున్న వయసులో అది మంచిది కాదు.

నేర్పే క్రమమూ ముఖ్యమే. మొదట పట్టడం: వేళ్ళు విప్పి, రెండు బొటనవేళ్ళను దగ్గరగా ఉంచి, బంతి తాకగానే మోచేతులు మడిచి రొమ్ము వైపు తీసుకోవాలి. తరువాత విసరడం: కుడిచేతివాటం వారు ఎడమ పాదం ముందుంచి, మోచేతిని భుజం ఎత్తుకు లేపి, నడుము తిప్పుతూ వదలాలి. బలం నడుము నుండి వస్తే భుజానికి శ్రమ తగ్గుతుంది. ఆ పిమ్మట ఎడమ, కుడి, ఎడమ అనే మూడు అడుగుల లయ. గోల్ వైపు ఎగిరి కొట్టడం అన్నిటికన్నా చివర.

ఎగరడం కన్నా దిగడం ముందు నేర్పాలి. ఈ ఆటలో మోకాలి స్నాయువులు తెగడం తరచుగా జరిగే గాయం. నార్వేలో 120 క్లబ్బులలోని 15–17 ఏళ్ళ క్రీడాకారులపై జరిపిన అధ్యయనం 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. ఆటకు ముందు పరుగు, సమతుల్యత, మోకాలు వంచి దిగడం, కండరాల బలం పెంచే వ్యాయామాలు చేసినవారిలో మోకాలి, చీలమండ గాయాలు సుమారు సగానికి తగ్గాయి. వాటికి పట్టే సమయం 15–20 నిమిషాలే.

మన బడులలో వ్యాయామ పీరియడ్ అంటే బంతిని పిల్లల మధ్య పడవేసి ఊరుకోవడమన్న అలవాటు ఇంకా పోలేదు. తెగిన స్నాయువుతో నా వద్దకు వచ్చిన పిల్లలకు ఆట మీద మక్కువ ఉండేది, దిగడం నేర్పినవారే లేరు. ఊపిరి నిలపడానికి, ఆట నేర్పడానికి ఒకే మనిషి పూనుకున్నాడన్న సంగతి మన వ్యాయామ ఉపాధ్యాయులు గుర్తుంచుకోవాలి. వారు చేసేదీ ఆరోగ్యరక్షణే.