పాత సర్వరుకు క్రొత్త ఏలిక

ఒక కార్యాలయమునందలి కంప్యూటర్లకు ఉమ్మడి దస్త్రములను భద్రపరచి, ఎవరు లోనికి రావచ్చునో, ఎవరు రాగూడదో నిర్ణయించు యంత్రమును సర్వరు అందురు. ఆ యంత్రమును నడపు మూలప్రోగ్రామే ఆపరేటింగ్ సిస్టమ్. సర్వరు రాజ్యమైనచో, ఇది దాని ఏలిక. రాజ్యము సాగుచుండగా ఏలికను మార్చుట సులభము కాదు. 2000 వ సంవత్సర ప్రాంతమున అనేక కార్యాలయములు ఈ పరీక్షకు నిలువవలసి వచ్చినది.

అప్పటి పాత ఏలిక విండోస్ ఎన్.టి. డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థను వీడి 1988 లో మైక్రోసాఫ్ట్‌లో చేరిన డేవిడ్ కట్లర్ నాయకత్వమున ఇది రూపొందినది. తొలి కూర్పు 1993 లోను, బహుళ వ్యాప్తి గాంచిన 4.0 కూర్పు 1996 లోను వెలువడినవి. ఇందు ఉద్యోగుల పేర్లు, పాస్‌వర్డులు గల పట్టికకు అసలు ప్రతి ఒకే ఒక ప్రధాన సర్వరునందు ఉండెడిది. సహాయ సర్వరులయందున్నవి నకళ్లు మాత్రమే. మార్పులన్నియు అసలు ప్రతిలోనే జరుగవలెను. నకళ్లు దానినిబట్టి దిద్దబడెడివి. చిన్న కార్యాలయమునకు ఈ ఏర్పాటు చాలును. పలు నగరములలో శాఖలున్న సంస్థకు ఇరుకైనది.

2000 ఫిబ్రవరిలో విండోస్ 2000 వచ్చినది. ఆక్టివ్ డైరెక్టరీ అను దాని క్రొత్త ఏర్పాటులో, పట్టికను కాపాడు ఏ సర్వరునందైనను మార్పు చేయవచ్చును. తక్కినవి దానిని గ్రహించును. సౌకర్యము గొప్పదే, కాని పాత యంత్రములకు బరువు హెచ్చినది. ఎన్.టి. సర్వరు 4.0 కు కనీసము 16 మెగాబైట్ల మెమరీ చాలెడిది. విండోస్ 2000 సర్వరుకు 128 మెగాబైట్లైనను కావలెను.

ఇంతకంటె పెద్ద చిక్కు మరియొకటి కలదు. ముందుగా ప్రధాన సర్వరునే మార్చవలెనని నియమము. అసలు ప్రతి అందే ఉన్నది గదా! నడుమ ఆ పని చెడినచో మరునాటి ఉదయమున ఉద్యోగులు తమ దస్త్రములను తెరువలేరు. కావున అనుభవజ్ఞులు ఒక ఉపాయము పాటించిరి. ఒక సహాయ సర్వరునందలి నకలు అసలుతో సరిపోయినదని రూఢి చేసికొని, దాని తీగ ఊడదీసి ప్రక్కన ఉంచిరి. రైతు విత్తనపు గింజలను తిండిగింజలలో కలుపక వేరుగా దాచినట్లే యిది. ప్రయత్నము విఫలమైనచో, దాచిన ఆ సర్వరునే ప్రధాన సర్వరుగా నిలిపి పూర్వస్థితికి మరలవచ్చును.

ప్రధాన సర్వరు మారిన పిదపను పాత సహాయ సర్వరులు కొంతకాలము దానితో కలిసి పనిచేయగలిగెడివి. దీనిని మిశ్రమ స్థితి అనిరి. అవియు మారిన తరువాత నిర్వాహకుడు శుద్ధ స్థితికి మార్చెడివాడు. అటుపై వెనుకకు మరలు దారి లేదు; పాత సర్వరులకు అందు చోటు లేదు. కావుననే, దాచిన యంత్రమును ఎంతకాలము దాచవలెను, తలుపు ఎన్నడు మూయవలెను అనుటయే నిర్వాహకుని వివేకమునకు గీటురాయి అయినది.

తలుపు మూయుటకు జంకి, పాతదానినే పట్టుకొని యుండుటయు క్షేమము కాదు. తరువాతి తరమునకు చెందిన విండోస్ సర్వర్ 2003 కు సంస్థ మద్దతు 2015 జూలై 14 న ముగిసినది. 2017 మేలో వాన్నక్రై అను దుష్టప్రోగ్రాము దేశదేశముల కంప్యూటర్లను స్తంభింపజేసినది. బ్రిటనులో ఆసుపత్రులు రోగులను త్రిప్పి పంపవలసి వచ్చినది. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్నియు దాని వాత బడినవి. అది దూరు రంధ్రమును పూడ్చు సవరణ, మద్దతుగల కూర్పులకు ఆ మార్చిలోనే వెలువడినది. దానిని వేసికొనని యంత్రములు దెబ్బతిన్నవి. 2003 కూర్పునకైతే, ఆ సవరణ దాడి జరిగిన పిదపనే అందరికిని లభించినది.

తీగ ఊడదీసి దాచిన ఆ సహాయ సర్వరు పెక్కుచోట్ల మరల వెలుగు చూడనే లేదు. అయినను అది వ్యర్థముగా ఉండలేదు. అది ఉన్నదను ధైర్యముతోనే నిర్వాహకులు ప్రధాన సర్వరుపై చేయి వేయగలిగిరి.