గోదావరి లోయలో ఇళ్లు, భూకంప పటం

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నడుమ గోదావరి పారే లోయ నది ఒక్కటే కోసినది కాదు. కోట్ల ఏళ్ల కిందట భూమి పొర చీలి, పగుళ్ల మధ్య నేల కుంగడంతో ఏర్పడిన పల్లం అది. గోదావరిఖని, బెల్లంపల్లి బొగ్గు అందులో పేరుకున్నదే. ఇక్కడి పగుళ్లలో ఒకదానికి కడెం పేరే ఉంది. 19వ శతాబ్దిలో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఈ లోయ శిలలను సర్వే చేశాడు. అప్పటి వెతుకులాట బొగ్గు కోసం, భూకంపాల ఊసే లేదు.

దక్కన్ నేల కదలదన్న ధీమా చాలాకాలం నడిచింది. 1967లో కొయనా, 1969 ఏప్రిల్ 13న భద్రాచలం (తీవ్రత 5.7) భూకంపాలు దాన్ని దెబ్బతీశాయి. 1962లో వచ్చిన ఐఎస్ 1893 భూకంప ప్రమాణంలోని జోన్ల పటాన్ని 1970లో మార్చారు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూర్‌ ప్రాంతంలో భూకంపానికి దాదాపు 10 వేల మంది చనిపోయారు. పటం ప్రకారం అది అతి తక్కువ ప్రమాదమున్న ఒకటో జోన్! 2002లో ఆ జోన్‌నే ఎత్తేశారు. ఆ పటంలో హైదరాబాద్ రెండో జోన్‌లో ఉంటే, గోదావరి వెంబడి భాగాలు మూడో జోన్‌లో ఉన్నాయి. డిజైన్ లెక్కలో వాటి గుణకాలు వరుసగా 0.10, 0.16. పటం ఎప్పుడూ భూకంపం వెనకే నడిచింది.

లాతూర్‌లో జనాన్ని చంపింది మట్టితో పేర్చిన మందపాటి రాతి గోడలు, బరువైన మట్టి కప్పులు. కరీంనగర్ పాత పెంకుటిళ్లలో గూన పెంకుల బరువు దూలాల మీదుగా కర్ర స్తంభాలకు చేరేది. గోడ ఒరిగినా కప్పు నిలిచే వీలుండేది. ఆదిలాబాద్ గోండు గూడేల్లో తడికకు మట్టి మెత్తిన గోడలు ఇంకా తేలిక. తర్వాత ఇటుక గోడల మీద నేరుగా స్లాబ్ పోసే పద్ధతి వచ్చింది. తలుపుల పైన మాత్రమే ముక్కలుగా లింటెల్ వేసి వదిలేస్తే అలాంటి ఇల్లు పాత పెంకుటింటికన్నా గట్టిదని చెప్పలేం. దూరం నుంచి చూస్తే దృఢంగానే కనిపిస్తుంది.

2024 డిసెంబరు 4న ములుగులో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం కరీంనగర్ దాకా తెలిసింది. 2025 మే 5న 3.8తో ఉత్తర తెలంగాణే కంపించింది. జోన్ సంఖ్య ప్రాంతానికి చెందినదే, ఇంటిది కాదు. మెత్తటి ఒండ్రు నేల కుదుపును పెంచుతుంది, రాతి నేల అంతగా పెంచదు. కొత్తగా ఇటుక గోడలతో కట్టేవారు లింటెల్ ఎత్తున గోడలన్నిటినీ చుట్టే కాంక్రీటు పట్టీ వేయమని మేస్త్రీకి ముందే చెప్పాలి.