చౌగాన్ మైదానం, కోడిపోరు బరి

పల్నాటి వీరగాథ వినని తెలుగువారు అరుదు. 12వ శతాబ్దంలో గురజాల నలగామరాజు పక్షానికీ, మాచెర్ల మలిదేవరాజు పక్షానికీ కోడిపోరు జరిగింది. పందెం ఓడిన మాచెర్లవారు ఏడేండ్లు రాజ్యం విడిచి పోవలసివచ్చింది. గడువు తీరాక రాజ్యభాగం అడగడానికి రాయబారిగా వెళ్ళినవాడు అలరాజు. అతడు నలగామరాజుకు స్వయానా అల్లుడు. అక్కడ విషప్రయోగానికి బలి అయినాడు. భార్య పేరిందేవి సహగమనం చేసింది. దానిని ఘనకార్యంగా పొగడేవారితో నేను ఏకీభవించను. భర్తను చంపింది పుట్టినిల్లే అయినప్పుడు ఆమెకు మిగిలిన దారి ఎంత ఇరుకైనదో చూడాలి. కారెంపూడి యుద్ధం ఆ తరువాతిది.

ఈ గాథ సుల్తాన్ కుతుబుద్దీన్ ఐబక్ మరణాన్ని తలపునకు తెస్తుంది. హిజ్రీ 607, అనగా క్రీ.శ. 1210లో లాహోరులో చౌగాన్ ఆడుతుండగా గుర్రం కూలింది; జీను ముందుకొమ్ము అతని రొమ్మున దిగింది. చౌగాన్ నేటి పోలోకు పూర్వరూపం. తురుష్క సేనానులకు వినోదమే గాక స్వారీకి సాధన కూడా. ఐబక్ పెండ్లాడింది తాజుద్దీన్ యల్దుజ్ కుమార్తెను. అయినా గజనీ కోసం ఆ మామా అల్లుళ్ళు పోరాడారు. 1208లో ఐబక్ ఆ నగరాన్ని పట్టి నలభై రోజులు నిలుపుకొన్నాడు. ఆమె కూడా పేరిందేవివలె పుట్టింటికీ మెట్టినింటికీ నడుమ నలిగిన స్త్రీయే.

మిన్హాజుస్సిరాజ్ తన 'తబఖాతె నాసిరీ'లో జీనుకొమ్మును సైతం విడువలేదు. ఆ ఇల్లాలి శోకానికి మాత్రం అందులో చోటు లేదు. పల్నాటి యుద్ధ కాలంపై పండితులలో ఏకాభిప్రాయం లేకపోవచ్చు గాని, పిచ్చుకుంట్ల గాయకులు పేరిందేవిని పేరుతో నిలిపారు. కార్తిక అమావాస్యకు కారెంపూడిలో జరిగే వీరుల ఉత్సవాలలో అలరాజు రాయబారాన్ని నేటికీ స్మరిస్తారు.