మచ్చుగుడ్డ ఎరుపు, మిల్లు ఎరుపు

విశాఖపట్నం ఉక్కునగరమని పేరు పొందడానికి మూడు శతాబ్దాల పూర్వమే, 1682లో, ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ అక్కడ ఫ్యాక్టరీని, అనగా వర్తకుల నివాసంతో కూడిన గిడ్డంగిని నెలకొల్పింది. ఆనాటి తీరప్రాంత వస్త్రవ్యాపారం మచ్చుపై నడిచేది. కంపెనీవారు నమూనా గుడ్డను దళారుల ద్వారా పనివారికి అందజేసి, తయారైన సరుకును దాని పక్కన పరచి చూసి, పోలిక తగ్గిన బట్టకు ధర తగ్గించేవారు, లేదా తిప్పిపంపేవారు.

ఈ తీరపు ఎరుపుకు మూలం చిరివేరు అనే మొక్క వేరు. నిజాంపట్నం ప్రాంతపు చిరివేరును కంపెనీ వర్తకుడు విలియం మెథ్వోల్డ్ 1626లో అచ్చయిన తన రచనలో ప్రస్తావించాడు. అద్దకపువారు బట్టను కరక్కాయ కషాయం, గేదెపాలు కలిపిన ద్రవంలో నానబెట్టి, ఆరిన తరువాత పటికనీటితో చిత్రించి, వేరు వేసిన కాగులో ఉడికించేవారు. రంగును నూలుకు పట్టించే వర్ణబంధకం పటికే కనుక, అది తగిలినచోట మాత్రమే ఎరుపు నిలిచేది. గవ్వల సున్నం కలిసిన నేలలో పెరిగిన వేరు మరింత మెరుపునిచ్చేది. అడవి వేరు సాగు వేరుకంటె ఎక్కువ రంగునిస్తుందని సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ 1795లో నమోదు చేశాడు. వేరు మారినా, నీరు మారినా ఛాయ మారేది. దానిని మచ్చుకు దగ్గరగా తెచ్చింది అద్దకందారు కన్నే. ఆ నైపుణ్యానికి చరిత్రలో దక్కవలసినంత స్థానం దక్కలేదు.

చిరివేరులోని వర్ణద్రవ్యమైన అలిజరిన్‌ను 1869లో రసాయనికంగా తయారుచేయడంతో వేరుతో వచ్చే తేడా తొలగింది. 1931లో రంగు కొలతకు అంతర్జాతీయ ప్రమాణాలు ఏర్పడి రంగును అంకెలలో చెప్పడం సాధ్యమైంది. అయినా ఛాయను మచ్చుకు కుదిర్చే చిక్కు తీరలేదు. విశాఖకు దక్షిణాన అచ్యుతాపురంలో వెయ్యి ఎకరాల బ్రాండిక్స్ ప్రాంగణం ఏర్పడి ఎగుమతి దుస్తుల పరిశ్రమ ఈ తీరానికి చేరిన కాలంలోనూ, ఎక్కడి అద్దకపు మిల్లుకైనా ప్రశ్న అదే: ప్రయోగశాలలో కొద్ది గ్రాముల గుడ్డపై కుదిరిన ఛాయ యంత్రంలో వందల కిలోల బట్టపై ఎందుకు కుదరదు? బట్ట బరువుకు ఎన్ని రెట్లు నీరు వాడతారన్నది ద్రవనిష్పత్తి. యంత్రంలో నీటిపాలు తగ్గితే రియాక్టివ్ రంగు నూలుకు ఎక్కువగా ఎక్కి ఛాయ ముదురుతుంది. వేడి పెరిగే వేగం, నూలు లాటు కూడా తేడా తెస్తాయి. ఒకనాడు చిరివేరు ఎరుపుకు మెరుపునిచ్చిన సున్నమే, కఠినజలంలో కాల్షియంగా ఉండి, నేటి రియాక్టివ్ రంగులకు ఆటంకమవుతుంది. అందుకే జాగ్రత్త గల మిల్లులు ప్రయోగశాలలో స్వేదనజలాన్ని విడిచి, యంత్రానికి వెళ్లే నీటితోనే, ఆ రోజు వాడబోయే లాటు గుడ్డపైనే మచ్చు వేయిస్తాయి.