కాంటా ఎవరి చేతిలో ఉండాలి?

అమ్మకానికి చోటు కల్పించినవాడు సుంకం అడగడంలో అన్యాయం లేదు. సుంకం తీసుకునేవాడే నిబంధన రాసి, కాంటా పట్టి, తగాదా వస్తే తీర్పు కూడా తానే చెప్పడం అన్యాయం. పల్లీ, ఆముదం, పత్తి పండే నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతాల మార్కెట్ల చరిత్రలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. బండికెత్తి తెచ్చిన పంటను రైతు తిరిగి ఇంటికి తీసుకుపోలేడు. కొనేవాడి బలమంతా అక్కడే ఉంది. దొంగ తూకాలు, ఇష్టమొచ్చిన కోతలు, గుడ్డ కింద వేళ్లు పట్టుకుని ధర తేల్చుకునే రహస్య బేరాలు దేశంలోని అనేక మార్కెట్లలో సాగేవి. నియంత్రిత మార్కెట్లు కావాలని 1928లో రాయల్ వ్యవసాయ కమిషన్ సిఫారసు చేసింది. నిజాం ప్రభుత్వం 1339 ఫస్లీలో, అంటే 1930 ప్రాంతంలో, హైదరాబాద్ వ్యవసాయ మార్కెట్ల చట్టం తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1966 చట్టం దాని స్థానంలోకి వచ్చింది. రైతుల, వ్యాపారుల ప్రతినిధులతో కమిటీ ఏర్పడింది. రైతు తరఫున అమ్మిపెట్టే అడ్తిదారుకు, కొనే ఖరీదుదారుకు, తూకం వేసే దడవాయికి లైసెన్సు తప్పనిసరైంది. కొన్నవాడి మనిషి కాంటా పట్టడానికి వీల్లేదు. బరువు, ధర, కోత తక్‌పట్టీ అనే చీటీ మీద రాసి రైతు చేతికివ్వాలి. 2016లో మొదలైన జాతీయ ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్‌లో తొలి విడత మార్కెట్లలో ఈ ప్రాంతపు బాదేపల్లి, తిరుమలగిరి ఉన్నాయి.

నేడు తెలుగువాళ్లు తయారుచేసే యాప్‌లు అమ్ముడయ్యే మార్కెట్లో సుంకం, కాంటా, తీర్పు వేర్వేరు చేతుల్లో ఉండే ఈ విభజన లేదు. పోచంపల్లి చీరను యాప్‌లో అమ్మితే డబ్బు యూపీఐ ద్వారా తీసుకోవచ్చు. అదే ఇక్కత్ నేత నేర్పే వీడియో పాఠాలను ఐఫోన్ యాప్‌లో అమ్మాలంటే యాపిల్ సొంత చెల్లింపు పద్ధతినే వాడాలన్నది సాధారణ నియమం. కమీషన్ 30 శాతం, చిన్న సంస్థలకు 15 శాతం. పాత కొనుగోలును తిరిగి తెచ్చుకునే బటన్ లేకపోయినా, చందా ధర, గడువు స్పష్టంగా కనిపించకపోయినా సమీక్షలో యాపిల్ ఆ యాప్‌ను తిప్పి పంపుతుంది. వీటిలో కొన్ని నియమాలు కొనేవాడికి మేలు చేసేవే. అయితే అప్పీలు చేస్తే వినేది కూడా ఆ సంస్థ బోర్డే. గూగుల్ ప్లే బిల్లింగ్ నిబంధనలు ఆధిపత్య దుర్వినియోగమేనని కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో తేల్చి, 936.44 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆ తర్వాత వేరే చెల్లింపు మార్గం వాడుకోనిచ్చినా గూగుల్ తన కమీషన్‌లో తగ్గించింది 4 శాతం పాయింట్లే. 2024 మార్చి 1న భారత్ మ్యాట్రిమొనీ, నౌకరీ వంటి యాప్‌లను స్టోరు నుంచి తీసేసింది. కేంద్రం జోక్యం చేసుకున్నాక అవి తిరిగి వచ్చాయి. 2025 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానాను 216.69 కోట్లకు తగ్గించింది.

స్టోరు కట్టింది వాళ్లే, మోసాల నుంచి కాపాడేది వాళ్లే, ఇష్టం లేకపోతే వెళ్లిపోవచ్చు కదా అని కొందరంటారు. మార్కెట్ యార్డుకూ ఖర్చుంది, అందుకే మార్కెట్ ఫీజు ఉంది. ఆ ఫీజు ఉండకూడదని ఎవరూ అనడం లేదు. ఇక వెళ్లిపోవడానికి మరో చోటేది? ఫోన్లలో అత్యధికం ఈ రెండు సంస్థల వ్యవస్థల మీదే నడుస్తున్నాయి. యార్డులు మాత్రం ఏం బాగున్నాయని మరో ప్రశ్న. నిజమే, తరుగు పేరుతో కోతలు నేటికీ ఆగలేదు, తేమ ఉందని పత్తిని తిప్పి పంపడమూ ఆగలేదు. కానీ 12 శాతం తేమ దాటితే భారత పత్తి సంస్థ కొనదన్న అంకె రైతుకు ముందే తెలుసు, మీటరులో కళ్లముందే కనిపిస్తుంది. అన్యాయం జరిగితే కమిటీని, కలెక్టరును నిలదీయొచ్చు, రోడ్డెక్కొచ్చు. చట్టం అన్యాయాన్ని పూర్తిగా తుడిచిపెట్టలేదు గానీ, దాన్ని ప్రశ్నించే చోటు చూపింది.

డిజిటల్ మార్కెట్‌కూ ఇదే కొలమానం వర్తించాలి. సుంకం ఎంతో పారదర్శకంగా తేల్చాలి, తిరస్కరణకు కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి, అప్పీలు వినేవాళ్లు ఆ సంస్థకు బయట ఉండాలి. దీన్ని చట్టంగా తెచ్చే బాధ్యత పార్లమెంటుది, అడిగే బాధ్యత మనది.